పాత లాప్‌టాప్ అడాప్టర్‌తో ఇంట్లోనే సోల్డరింగ్ స్టేషన్

రాత్రిపూట చేపల, రొయ్యల చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒకేసారి తిరగడం మొదలైతే మా వైపు ఊళ్లలో వోల్టేజీ 180 దాకా జారిపోవడం వింతేమీ కాదు. ఫ్యాన్ నెమ్మదిస్తుంది, ట్యూబులైటు మినుకుమంటుంది, వాటితో ఎలాగో సర్దుకుపోతాం. కానీ ఆ టైములో 25 వాట్ల మామూలు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఏ మోటారు స్టార్టర్ బోర్డులోనో రిలే మారుద్దామని కూర్చుంటే లెడ్ (అతుకు వేసే తగరం, సీసం కలిసిన తీగ) సరిగ్గా కరగదు, కరిగినా ముదురుపాకంలా సాగుతుంది. లెక్క వేసి చూస్తే కారణం తెలిసిపోతుంది. వోల్టేజీ కొంచెం తగ్గితే వాట్లు అంతకు రెట్టింపు వేగంతో పడిపోతాయి, 230కి 25 వాట్లు ఇచ్చే ఐరన్ 180కి వచ్చేసరికి 15 వాట్లే ఇస్తుంది. అదే లైను ఎప్పుడైనా 250కి ఎగిరిందా, ఆ ఐరనే 29 వాట్లు దాటి లాగుతుంది, టిప్ (ఐరన్ మొన) నల్లబడుతుంది, బోర్డు మీది రాగి పట్టీలు లేచి వచ్చేస్తాయి. అంటే మామూలు ఐరన్ వేడిని నిర్ణయించేది మీరు కాదు, ఊరి ట్రాన్స్‌ఫార్మర్.

స్టేషన్ అంటే పెద్ద మిషనేమీ కాదండి. టిప్ ఎంత వేడిగా ఉందో సెకనుకి చాలాసార్లు కొలిచి, తగ్గితే కరెంటు ఇచ్చి, చాలితే ఆపేసే ఏర్పాటు, అంతే. కంపెనీ స్టేషన్ ధర చూసి వెనక్కి తగ్గేవాళ్లు చాలామంది ఉన్నారు కానీ, విడి భాగాలు తెచ్చుకుని మూలన పడున్న లాప్‌టాప్ అడాప్టర్‌తో కలిపితే ఖర్చులో చిన్న వంతుకే అదే పని జరుగుతుంది. డబ్బు పెట్టాల్సింది మూడింటి మీదే: మంచి టిప్, నమ్మకమైన సప్లై, అసలైన ఎర్త్. డబ్బా, స్టాండు, స్క్రూలు ఇంట్లో పాత సామానులో వెతుక్కున్నా ఏమీ కాదు.

అంత కూడా వద్దు, ఏడాదికి నాలుగు వైర్లు అతికించుకుంటే చాలనుకునేవాళ్లకి ఒక చిట్కా చెప్పి ముందుకెళ్తాను. సోల్డ్రాన్ కంపెనీది లాంటి 25 వాట్ల ఐరన్‌కి వరుసలో ఒక 1ఎన్4007 డయోడ్ పెట్టి, ఆ డయోడ్‌ని దాటేసేలా ఒక స్విచ్ పెట్టండి. స్విచ్ ఆఫ్‌లో ఉంటే ఏసీలో సగమే వెళ్తుంది, ఐరన్ సగం వాట్లతో తక్కువ వేడిలో కాచుకుని ఉంటుంది, పనిలోకి దిగేటప్పుడు స్విచ్ వేసుకోవాలి. ఐరన్ లాగేది ఆంపియర్‌లో పదో వంతు చిల్లర, డయోడ్ ఒక ఆంపియర్‌ది, కాబట్టి అది కాలిపోదు. లైట్ డిమ్మర్ పెట్టినా ఇలాంటి పనే అవుతుంది. అయితే ఇవి రెండూ వాట్లను తగ్గించేవే తప్ప వేడిని కొలిచేవి కావు, ఇందాకటి 180 వోల్టుల బాధ అలాగే ఉంటుంది. పైగా అంతా 230 లైన్ మీద పని, స్విచ్ బాక్సులో మూసేసి పెట్టుకోవాల్సిందే.

ఏమేం తెచ్చుకోవాలి

నేను చెప్పేది టీ12 రకం. హక్కో అనే జపాన్ కంపెనీ తెచ్చిన టిప్ పద్ధతి ఇది, ఇప్పుడు దాని నకళ్లు అన్నిచోట్లా దొరుకుతున్నాయి. 907 రకం హ్యాండిల్ ఇంకా చవక, కానీ అందులో హీటర్ వేరు, దాని మీద తొడిగే టిప్ వేరు. మధ్యలో గాలి సందు ఉంటుంది కాబట్టి వేడి ఆలస్యంగా చేరుతుంది. టీ12లో హీటరు, వేడిని కొలిచే థర్మోకపులు, టిప్ అన్నీ ఒకే పొడవాటి కడ్డీలో ఉంటాయి. టిప్ ఒక్కటికే 907 కంటే ఎక్కువ పెట్టాలి, నిజమే, కానీ పని చేసేటప్పుడు తేడా మొదటి జాయింట్‌లోనే చేతికి తెలుస్తుంది.

చిన్న డిస్‌ప్లే, తిప్పే నాబ్ ఉన్న టీ12 కంట్రోలర్ బోర్డు ఒకటి, దానికి సరిపోయే హ్యాండిల్, మెత్తటి సిలికాన్ వైరు, బిగించే 5 పిన్నుల గుండ్రటి కనెక్టర్ కావాలి. ఇవన్నీ కలిపి కిట్‌గా ఆన్‌లైన్‌లో వస్తాయి. హైదరాబాద్ వెళ్లే పనుంటే కోఠి గుజరాతీ గల్లీలో చేత్తో పట్టుకుని చూసి తెచ్చుకోవచ్చు. వైరు విషయంలో మాత్రం రాజీ పడొద్దు. పీవీసీ వైరు వేడి టిప్ తగిలితే కరుగుతుంది, పైగా బిరుసుగా ఉండి చేతిని వెనక్కి లాగుతుంటుంది. సిలికాన్ వైరు టిప్ తగిలినా చెక్కు చెదరదు.

టిప్ దగ్గర చాలామంది సన్నటి సూది మొన కొంటారు, చిన్న పనికి చిన్న మొన అనుకుని. సూది మొనకు తగిలే చోటు తక్కువ, అందుకే వేడి దిగదు, దిగడం లేదని మీరు 400 డిగ్రీలకి పెంచుతారు, అది మాడిపోతుంది. మొదటి టిప్ డీ24 కొనండి, అంటే 2.4 మిల్లీమీటర్ల ఉలి మొన. రిలే కాళ్లు, టెర్మినళ్లు, మామూలు రెసిస్టర్లు అన్నీ దానితోనే అయిపోతాయి. రెండోది కొనాలనిపిస్తే కత్తిలాంటి కె టిప్ తీసుకోండి, వరసగా ఉన్న ఐసీ కాళ్ల మీద లాగుకుంటూ పోవడానికి దాన్ని మించింది లేదు.

సప్లై సంగతి

టీ12 టిప్ చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ సుమారు 8 ఓంలు. దీన్ని గుర్తుపెట్టుకుంటే సప్లై ఏది సరిపోతుందో ఎవర్నీ అడగక్కర్లేదు. 24 వోల్టులు ఇస్తే 3 ఆంపియర్లు, 72 వాట్లు. 19 వోల్టుల లాప్‌టాప్ అడాప్టర్ ఇస్తే 2.4 ఆంపియర్లు, 45 వాట్లు. 12 వోల్టుల సీసీటీవీ అడాప్టర్ తగిలిస్తే 18 వాట్లే, వెలుగుతుంది కానీ పనికి రాదు.

ఇంట్లో చెడిపోయిన లాప్‌టాప్ తాలూకు 65 వాట్ల అడాప్టర్ ఉంటే ముందు దాన్నే వాడమంటాను. 45 వాట్లు అడిగే పనికి 65 వాట్లు ఇవ్వగలిగే అడాప్టర్ కాబట్టి ఊపిరి ఆడక ఆగిపోదు. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులని దాని మీదే రాసి ఉంటుంది, ఊళ్లో 180కి పడిపోయినా బయటికి 19 వోల్టులే వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, 230 వోల్టులు ఆ సీలు వేసిన డబ్బాలోనే ఆగిపోతాయి, మీరు చేసే బాక్సులోకి రావు. మొదటిసారి కట్టుకునేవాళ్లు, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఈ ఒక్క కారణానికే అడాప్టర్ వాడాలి.

పిన్ను కోసేస్తే లోపల తీగ మామూలు జంట వైరులా ఉండదు. మధ్యలో ఇన్సులేషన్ తొడిగిన ఒక తీగ, దాని చుట్టూ జడలా అల్లిన సన్నటి రాగి పోగులు కనిపిస్తాయి. మధ్య తీగ ప్లస్, చుట్టూ ఉన్న పోగులు మైనస్. డెల్, హెచ్‌పీ అడాప్టర్లలో ఇంకో సన్నటి తీగ కూడా ఉంటుంది, అది అడాప్టర్ ఫలానాదని లాప్‌టాప్‌కి చెప్పే తీగ, మనకు పని లేదు, కత్తిరించి టేపు చుట్టి వదిలేయండి. ఎవరేం చెప్పినా బోర్డుకి తగిలించే ముందు మల్టీమీటర్‌తో ప్లస్, మైనస్ చూసుకోవాలి. తిరగేసి ఇస్తే చాలా బోర్డులు ఒక్క క్షణంలో పోతాయి.

లాప్‌టాప్ అడాప్టర్ లేనివాళ్లకి రెండో దారి ఆర్‌ఓ వాటర్ ఫిల్టర్ అడాప్టర్. ఉప్పునీళ్ల పుణ్యమా అని మన దగ్గర ఆర్‌ఓ మిషన్ లేని వీధి లేదు, రిపేరు చేసే షాపు ప్రతి సెంటర్లోనూ ఉంటుంది, లోపల మోటారుకి వాడే సప్లై 24 వోల్టులదే. ఎక్కువగా దొరికేది 2.5 ఆంపియర్లది. టిప్ అడిగేది 3 కాబట్టి ఇది కొంచెం తక్కువే, అయినా చాలా అడాప్టర్లు లాగేస్తాయి. లాగలేనిది ఎలా తెలుస్తుందంటే, ఆన్ చేయగానే డిస్‌ప్లే వెలుగుతూ ఆరిపోతూ, అడాప్టర్ లోంచి చిన్నగా టిక్ టిక్ మంటూ ఉంటుంది. అంటే ఓవర్‌లోడ్ అని తనను తాను ఆపుకుని మళ్లీ మొదలవుతోంది. దాన్ని బలవంతంగా వాడొద్దు, 24 వోల్టులు 4 ఆంపియర్ల సప్లై కొనుక్కోండి. ఆ రకానివి ఇనుప జాలీ డబ్బాలో, స్క్రూలు బయటికి కనబడేలా వస్తాయి, దాన్ని వాడితే మాత్రం ఇనుప బాక్సు, మూడు తీగల మెయిన్స్ వైరు, లైన్‌లో 1 ఆంపియర్ ఫ్యూజు, బాక్సు రేకుకి ఎర్త్ తప్పనిసరి. ఒక్కటి తగ్గినా చేయొద్దు.

హ్యాండిల్ లోపల

ఇక్కడ కాస్త ఓపిక కావాలి. టీ12 కడ్డీ వెనక చివర చూడండి, మధ్యలో ఇన్సులేషన్ వలయాలతో వేరుచేసిన మూడు లోహపు భాగాలు ఉంటాయి. కొసన ఉన్నది ప్లస్, దాని పక్కది మైనస్, మొన వైపు పొడుగ్గా ఉన్న గొట్టమంతా ఎర్త్. హీటరు, థర్మోకపులు వరుసలో ఉంటాయి, రెండింటికీ ఆ రెండు కొసలే. బోర్డు హీటర్‌కి కరెంటు ఆపేసి, ఒక్క లిప్తపాటు ఆగి, అదే తీగల మీద థర్మోకపులు పుట్టించే కొన్ని మిల్లీవోల్టులను పెద్దవి చేసుకుని చదువుతుంది, మళ్లీ కరెంటు వదులుతుంది. మూడు ఆంపియర్లు వెళ్లే దారిలోనే మిల్లీవోల్టులు కూడా రావాలన్నమాట. అందుకే హ్యాండిల్ లోపల కాంటాక్టు వదులైతే హీటింగ్ తగ్గడం ఒక్కటే కాదు, డిస్‌ప్లేలో అంకె గంతులు వేస్తుంది. 300 నుంచి 420కి ఎగిరి మళ్లీ 280కి పడుతుంటే బోర్డు పాడైందనుకుని బోర్డు మార్చేవాళ్లను చూశాను. ముందు కాంటాక్టు రేకులు కొంచెం లోపలికి వంచి, టిప్ గుచ్చినప్పుడు గట్టిగా పట్టేలా చేయండి, సగం కేసులు అక్కడే తీరిపోతాయి.

హ్యాండిల్‌కి తీగలు అతికించడానికి ఒక మామూలు ఐరన్ ఎలాగూ కావాలి, లేకపోతే తెలిసిన మొబైల్ రిపేరు షాపులో కూర్చుని ఓ పావుగంట అడిగి వాడుకోండి. ప్లస్, మైనస్, ఎర్త్ మూడు తీగలు, మిగతా రెండిట్లో ఒకటి వైబ్రేషన్ స్విచ్‌కి. కొన్ని కిట్లలో హ్యాండిల్ లోపలి చల్లని కొస ఎంత వేడిగా ఉందో కొలిచే ఎన్‌టీసీ అనే చిన్న ముక్క కూడా ఉంటుంది, ఐదో తీగ దానిది. ఏ పిన్ను దేనికన్నది కిట్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఎక్కడో చూసిన బొమ్మని నమ్మకండి, మీ బోర్డు మీద అచ్చు వేసిన అక్షరాలనే నమ్మండి. వైబ్రేషన్ స్విచ్ అంటే చిన్న గొట్టం, లోపల కదిలే గోలీ, దానికి ప్లస్ మైనస్ లేవు. హ్యాండిల్ స్టాండులో కదలకుండా పడుంటే బోర్డు నిద్రపోయి టిప్ వేడి తగ్గిస్తుంది, చేతిలోకి తీసుకోగానే గోలీ కదిలి మేల్కొంటుంది. టిప్ ఏళ్లు బతకాలంటే ఈ రూపాయల ముక్క చాలా ముఖ్యం, అక్కర్లేదని వదిలేయకండి.

అతికించాక, కరెంటు ఇవ్వకముందే మీటర్ తీసుకుని ప్లస్, మైనస్ పిన్నుల మధ్య చూడండి. మీటర్ వైర్లు రెండూ కలిపితే వచ్చే అరా ఓమో పావు ఓమో తీసేశాక 8 దగ్గర రావాలి. 10 దాటితే కాంటాక్టు వదులు. సున్నా వస్తే ఎక్కడో లెడ్ కారి రెండు తీగలు కలిశాయి.

బాక్సు గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. అడాప్టర్ బయటే ఉంటుంది కాబట్టి లోపల ఉండేది అరచేతిలో పట్టే బోర్డు ఒక్కటే. ఎలక్ట్రికల్ షాపులో గోడకు బిగించే పీవీసీ స్విచ్ బాక్సు మూతతో సహా చవగ్గా వస్తుంది, పాత సెట్‌టాప్ బాక్సు డొక్కు అయినా సరిపోతుంది. డిస్‌ప్లేకి చదరం కోయడానికి మూలల్లో నాలుగు కన్నాలు వేసి హాక్సా బ్లేడు ముక్కతో కోసుకుని ఆకురాయితో నునుపు చేసుకోండి. డీసీ ప్లస్ తీగ మీద 5 ఆంపియర్ల గాజు ఫ్యూజు ఒకటి పెట్టండి.

ఎర్త్, ఇది చదవకుండా దాటెయ్యొద్దు

రెండు పిన్నుల అడాప్టర్‌తో స్టేషన్ ఆన్ చేసి, టిప్‌కి, గోడలోని ఎర్త్‌కి మధ్య మీటర్ ఏసీలో పెట్టి చూడండి. 90, 100, ఒక్కోసారి 110 వోల్టులు చూపిస్తుంది. అడాప్టర్ పాడై కాదు. రేడియో గోల తగ్గించడానికి లోపల లైను వైపు నుంచి డీసీ వైపుకి చిన్న కెపాసిటర్ పెడతారు, దాని గుండా మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజీ ఇటు వచ్చి తేలుతూ ఉంటుంది. కరెంటు బాగా తక్కువ కాబట్టి మనిషికి చిన్న చిమచిమ తప్ప ఏమీ కాదు, చెమట చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది. కానీ మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ గేటుకి, మొబైల్ బోర్డులోని ఐసీకి ఆ మాత్రం చాలు. రిపేరు చేశాక పనిచేయకపోతే ఆ ఐసీ ముందే పోయిందని మనం అనుకుంటాం.

మూడు పిన్నుల లాప్‌టాప్ అడాప్టర్ అయితే ప్లగ్గు పైన ఉన్న లావు పిన్ను నుంచి డీసీ మైనస్‌కి మీటర్‌ని బీప్ (కంటిన్యుటీ)లో పెట్టి బీప్ వస్తుందేమో చూడండి, చాలావాటిలో వస్తుంది. వస్తే బోర్డు మీద ఎర్త్ గుర్తున్న చోటిని మైనస్‌కి కలిపితే పని అయిపోయినట్టే, కొన్ని బోర్డుల్లో ముందే కలిపి ఉంటుంది. బీప్ రాకపోతే, లేదా రెండు పిన్నుల అడాప్టరే దిక్కైతే, వేరే మూడు పిన్నుల ప్లగ్గు టాప్ ఒకటి తీసుకుని అందులో పెద్ద పిన్నుకి మాత్రమే పచ్చ వైరు బిగించి, ఫేజు, న్యూట్రల్ పిన్నుల దగ్గర ఏమీ లేకుండా ఉంచి, ఆ వైరుని బోర్డు ఎర్త్‌కి తీసుకురండి. అంతా అయ్యాక ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి టిప్ మొన దాకా 2 ఓంల లోపు రావాలి.

ఇదంతా చేసినా గోడలో ఎర్త్ ఉంటేనే కదా. పాత ఇళ్లలో సాకెట్టుకి పై కన్నం ఉంటుంది, వెనక వైరే ఉండదు. ఫేజుకీ న్యూట్రల్‌కీ ఎంత వస్తుందో ఫేజుకీ ఎర్త్‌కీ కూడా దాదాపు అంతే రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఫేజు నుంచి ఎర్త్‌కి ఓసారి 60, ఓసారి 120 అని తిరుగుతుంటే ఎర్త్ లేనట్టే. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే "ఎర్త్ ఎందుకండీ, న్యూట్రల్ నుంచి జంపర్ వేసేస్తానండి, రెండూ ఒకటేనండి" అనేవాళ్లు తగులుతారు. వద్దని గట్టిగా చెప్పండి. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున మీ టిప్పు, ఫ్రిజ్జు, వాషింగ్ మిషను అన్నిటి బాడీలోకీ 230 వచ్చేస్తుంది. గోదావరి ఒండ్రు నేలలో కొంచెం లోతుకి వెళ్తే చెమ్మ తగులుతుంది కాబట్టి మనకి మంచి ఎర్త్ వేయించుకోవడం రాళ్ల నేలలవాళ్లంత కష్టం కాదు. కానీ సఖినేటిపల్లి, మొగల్తూరు లాంటి ఉప్పు నేలల వైపు ఎర్త్ పైపు, దాని మీది క్లాంపు తొందరగా తుప్పు తినేస్తాయి, ఏడాదికోసారి క్లాంపు విప్పి చూడాలి.

ఒక హెచ్చరిక. ఎర్త్ ఉన్న టిప్‌తో కరెంటులో ఉన్న బోర్డుని ముట్టుకోకూడదు. చవకరకం స్టార్టర్లు, టైమర్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, పెద్ద కెపాసిటర్ ఒకటి అడ్డం పెట్టి నేరుగా 230 నుంచే నడిపిస్తారు. అలాంటి బోర్డులో గ్రౌండ్ అని మీరనుకునే చోట ఫేజే ఉండొచ్చు. ప్లగ్గు పీకి, కెపాసిటర్ ఖాళీ అయిందని మీటర్‌తో చూసుకున్నాకే టిప్ పెట్టండి.

మొదటిసారి వెలిగించడం

200కి పెట్టి ఆన్ చేయండి, పొగో వాసనో వస్తే ఆపేయండి. లేకపోతే పావు నిమిషంలో అంకె అక్కడికి చేరి నిలబడుతుంది. ఇప్పుడు ఆ అంకె నిజమా కాదా తేల్చాలి. టిప్ థర్మామీటర్ లేదా, మంచి కంపెనీ 63/37 (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) లెడ్ వైరు తెచ్చుకోండి, అది కచ్చితంగా 183 డిగ్రీల దగ్గర గట్టి నుంచి ఒకేసారి నీరవుతుంది. టిప్‌కి పలుచగా లెడ్ పూసి, 165కి దించి గడ్డకట్టనిచ్చి, ఐదేసి డిగ్రీలు పెంచుతూ చూడండి. మెరుపు తిరిగి ద్రవమయ్యే అంకె 183 కాకుండా 205 అయితే మీ బోర్డు 20కి పైగా ఎక్కువ చూపిస్తోందని అర్థం, సెట్టింగుల్లో కాలిబ్రేషన్‌కి వెళ్లి సరిచేసుకోవాలి. 350 దగ్గర కూడా ఇదే తేడా ఉంటుందన్న హామీ లేదు గానీ, ఇంటి పనికి ఈ మాత్రం చాలు. దీనికి ఊరూపేరూ లేని లెడ్ వాడకండి. తగరం తగ్గించి సీసం పెంచిన సరుకు 230 దాటితే గానీ పూర్తిగా కరగదు, కొలత మొత్తం తప్పుతుంది.

తర్వాత పనికి 320 నుంచి 350 పెట్టుకోండి. లావు టెర్మినల్, బోర్డు మీద వెడల్పాటి రాగి పరుపు తగిలితే 380 దాకా కాసేపు పెంచి దించేయండి. బోర్డు నిద్రపోయేటప్పుడు 200, పది నిమిషాలు కదలకపోతే పూర్తిగా ఆఫ్ అయ్యేలా పెట్టండి.

టిప్ తుడవడానికి ఇత్తడి పీచు మంచిది, తడి స్పాంజి టిప్‌ని ఒక్కసారిగా చల్లబరుస్తుంది. గిన్నెల షాపులో బంగారు రంగు పీచు దొరుకుతుంది కానీ కొనేముందు అయస్కాంతం పెట్టి చూడండి, అతుక్కుంటే అది రంగు పూసిన ఇనుము, టిప్ పూత గీకేస్తుంది. దాన్ని ఓ చిన్న స్టీలు గిన్నెలో పెట్టండి. కొబ్బరి చిప్ప ఇంటి నిండా ఉంది కదా అని అందులో పెట్టారో, ఒకరోజు అంటుకుని పొగ లేస్తుంది. స్టాండుకి స్ప్రింగుతో వచ్చే చవక స్టాండే కొనుక్కోవడం మేలు, తేలిగ్గా ఉంటే కింద ఓ టైల్సు ముక్క అతికించండి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి, జాయింట్ చల్లారిపోతుంది. పాత కంప్యూటర్ ఫ్యాన్‌ని పక్కన పెట్టి పొగని మొహం నుంచి అవతలికి లాగేలా తిప్పండి. ఆ పొగ సీసానిది కాదు, లెడ్ తీగలో ఉండే రోజిన్ అనే చెట్టు జిగురుది, అయినా ఉబ్బసం ఉన్నవాళ్లకి పడదు. సీసం వచ్చేది చేతులకంటి నోట్లోకి, అందుకే పని అయ్యాక సబ్బుతో కడుక్కోకుండా జంతికల డబ్బాలో చెయ్యి పెట్టకండి.

చెరువు గట్టు మీద

డీసీ స్టేషన్ చేసుకోవడంలో అసలు లాభం ఇక్కడే. పాత యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు వరుసలో కలిపితే 24 వోల్టులు, కరెంటు పోయినా గట్టు మీద ప్యానెల్ దగ్గరే కూర్చుని పని చేసుకోవచ్చు. టిప్ వేడెక్కాక సగటున 20 వాట్లకి అటూఇటూగా లాగుతుంది, బ్యాటరీలు మరీ ముసలివి కాకపోతే మూడు నాలుగు గంటలు ఢోకా లేదు. బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజు పెట్టండి. మీ బోర్డు ఎంతవరకు తట్టుకుంటుందో దాని మీద చూడండి, నిండా చార్జి అయిన జత 25 వోల్టులు దాటుతుంది, చార్జర్ మీద ఉండగా 28కి పైగా పోతుంది. 24కే పరిమితమని రాసిన బోర్డుని చార్జింగులో ఉన్న బ్యాటరీకి ఎప్పుడూ తగిలించకండి.

చెరువు ప్యానెళ్లలో వైర్లు బయటికి బాగానే కనిపిస్తాయి, తొడుగు ఒలిస్తే లోపల రాగి నల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉంటుంది. దాని మీద ఎంత లెడ్ పోసినా గుండ్రంగా జారిపోతుందే తప్ప అంటదు. వేడి పెంచి లాభం లేదు. మెరిసే రాగి వచ్చేదాకా కోసుకుంటూ వెనక్కి వెళ్లండి, తీగ పొట్టిదైతే కొత్త ముక్క వేయండి. కళాయి వేసే పద్ధతిలో నవాసాగరం రుద్దడం, రేకు పనివాళ్లు వాడే యాసిడ్ ఫ్లక్స్ (అతుకు పట్టడానికి పూసే మందు) పూయడం గిన్నెలకి సరే, బోర్డు మీద మాత్రం ఆ యాసిడ్ లోపలే ఉండి నెమ్మదిగా తినేస్తుంది. రోజిన్ ఫ్లక్సే వాడి, అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేసి తుడవండి. కొన్ని బోర్డుల మీద చెమ్మ తగలకుండా వార్నిష్ లాంటి పూత వేసి ఉంటుంది, టిప్‌తో దాన్ని కాలిస్తే కంపు కొడుతుంది, టిప్ కూడా నల్లబడుతుంది. ముందు బ్లేడుతో ఆ చోటు గీకి, పని అయ్యాక మళ్లీ పూత వేయండి, లేకపోతే ఆ రిపేరు ఒక వానాకాలం కూడా ఆగదు.

టిప్ విషయంలో ఒక్కటే నియమం, ఆపేముందు మొన మీద లెడ్ బొట్టు నిండుగా వదిలి ఆపాలి. మన గాలిలో ఉన్న తేమకి ఒట్టి మొన మర్నాటికే నల్లబడుతుంది. నల్లబడితే 250కి దించి కొత్త లెడ్ పోస్తూ ఇత్తడి పీచులో పొడవండి, చాలాసార్లు తిరిగి వస్తుంది. ఆకురాయి, గరుకు కాగితం మాత్రం తగలనివ్వకండి, పైనున్న ఇనుప పూత పోతే లోపలి రాగిని లెడ్ కరిగించి తినేస్తుంది, మొనలో గుంట పడుతుంది. గుంట పడ్డ టిప్‌ని లాగేసి కొత్తది గుచ్చుకోవడమే, కాకపోతే ఒక్కో టిప్ ఒక్కోలా కొలుస్తుంది కాబట్టి ఆ 183 డిగ్రీల పరీక్ష కొత్తదానికి మళ్లీ ఓసారి చేసుకోండి.